బూటు మందం నీళ్ళు

అక్క పొలం ఎండిపోయింది వానలు లేక కాదు, చెల్లెలైన తన నోరు పెగలక. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. రోజూ పొద్దున్న ఆరింటికి నాన్న కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, టేపు కింది కొస నేలకి నొక్కి పట్టుకున్నప్పుడల్లా ఆ మాట నాలుక చివర దాకా వచ్చేది. ఆరూ పదికల్లా రిజిస్టరులో సంతకాలు అయిపోయేవి. మాట మళ్ళీ కడుపులోకి దిగిపోయేది. మూడేళ్ళుగా ఇదే వరస.

వాళ్ళ క్వార్టరు కాలవ గట్టు మీద, రెగ్యులేటరు పక్కన. కట్టినవాళ్ళు రెండు రాష్ట్రాల సరిహద్దు చూసుకోలేదేమో, వరండా, ముందు గది నీళ్ళు వదిలే పై రాష్ట్రంలో ఉంటాయి, వంటగది నీళ్ళు అందుకునే కింది రాష్ట్రంలో ఉంటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి వరండాలోకొస్తే రాష్ట్రం దాటినట్టే. నాన్న ఆ రెగ్యులేటరు మీద ముప్పై ఏళ్ళు లస్కరుగా చేశాడు. గేట్లు ఎత్తడం, దించడం, కాలవలో పాతిన గేజి రాయి మీద నీళ్ళు ఏ అంకె దగ్గరున్నాయో చూసి రాయడం, అదీ పని. అమ్మ పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ గట్టు మీదే పెంచాడు. పెద్దదాన్ని కాలవ చివర, కింది రాష్ట్రంలో, ఆఖరి తూము కింద మూడెకరాలున్న కుర్రాడికిచ్చాడు. చిన్నది మిగిలింది.

నాలుగేళ్ళ కిందట గట్టు మీద రెండు రాష్ట్రాల జనం కొట్టుకున్నారు. గేజి రాయి అంకె తక్కువ చూపిస్తోందని పై వాళ్ళు, ఎక్కువ చూపిస్తోందని కింది వాళ్ళు. వాళ్ళు కలిసికట్టుగా చేసిన పని ఒక్కటే, ఆ రాయిని పగలగొట్టడం. అడ్డం వెళ్ళిన నాన్న రాయిని వాటేసుకుని రాయితోపాటే నీళ్ళలో పడ్డాడు. పైకి తేలిన దగ్గర్నుంచీ ఆరలేదు.

ఒళ్ళంతా కాదు. కాలవలో నీళ్ళు మోకాలి లోతుంటే నాన్న మోకాలి దాకా తడి. నడుం లోతుంటే నడుం దాకా. గీత గీసినట్టు ఉండేది. గీతకి పైన పొడి ఒళ్ళు, కింద చుక్కలు కారే ఒళ్ళు. కూర్చున్నా పడుకున్నా అంతే. ఇంట్లో రోజుకి నాలుగుసార్లు నేల తుడవాల్సొచ్చేది.

కొత్త రాయి ఎవరు పాతాలన్నది ట్రిబ్యునల్లో పడింది. మీ సిమెంటు మేం నమ్మం అంటే మీ సిమెంటు మేం నమ్మం అన్నారు. ఈలోపు రెండు రాష్ట్రాల ఇంజినీర్లు వచ్చి నాన్నని చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, కాగితం రాసుకున్నారు. సదరు వ్యక్తి ఒంటి మీది తడి ఉభయులకూ సమ్మతమైన నీటి మట్టంగా పరిగణించబడును. నాన్న పై రాష్ట్రంలో పుట్టి, కింది రాష్ట్రంలో పిల్లనిచ్చినవాడు గనక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

"రెండు రాష్ట్రాలు కలిసి ఒక రాయి పాతలేకపోయాయే, నన్ను పాతాయి" అన్నాడు నాన్న ఆ రోజు.

రోజూ ఆరింటికి ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఆమె వాళ్ళకి పై సారు, కింది సారు అని పేర్లు పెట్టుకుంది. నాన్న వరండా గోడకి వీపానించి నిటారుగా నిలబడేవాడు. ఎవరి టేపు వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. కింది కొస ఆమె పట్టుకోవాలి, అందుకే ఆమెకి ఉద్యోగం. పైన తడి అంచు దగ్గర ఇద్దరూ తలలు ఆనించి చూసేవాళ్ళు.

"మూడూ ఆరు." మూడడుగుల ఆరంగుళాలు, పై సారు లెక్క.

"మూడూ ఐదున్నర. మీ కళ్ళజోడు మార్పించుకోండి సార్."

"నా కళ్ళజోడు బానే ఉంది. మీ అంగుళమే మా అంగుళం కన్నా పొడుగు."

"పెద్దాయనా, ఊపిరి బిగబట్టు కాస్త. పొట్ట కదిలితే అంచు కదుల్తోంది."

అర అంగుళం కోసం పైన అంత యుద్ధం జరుగుతుంటే కింద నేల వైపు ఎవరూ ఒక్కసారీ చూడలేదు. చూసుంటే నాన్న కాళ్ళకి రబ్బరు బూట్లు కనబడేవి. లస్కర్లకి డిపార్టుమెంటు ఇచ్చే బూట్లు, సోలు అంగుళం మందం. మొదటి రోజు ఒప్పందం రాసుకున్నప్పుడు నాన్న అలవాటు కొద్దీ వాటితోనే నిలబడ్డాడు. టేపు నేల మీంచి మొదలైంది. నాన్న ఒళ్ళు అంగుళం పైనుంచి మొదలైంది.

ఆమెకి ఆ సంగతి తెలిసింది ఉబుసుపోకే. ఒక మధ్యాహ్నం నాన్నకి ఒళ్ళు తుడుస్తూ, బూట్లు విప్పి ఉండగా, పక్కన పడున్న టేపు తీసి కొలిచింది. పొద్దున్నటి కన్నా అంగుళం తక్కువ. కాలవ చూస్తే అంతే ఉంది. బూట్లు చూసింది. నవ్వొచ్చింది. రోజూ కింది రాష్ట్రానికి ఇచ్చామని రాసుకుంటున్న నీళ్ళలో అంగుళం నీళ్ళే కావు, రబ్బరు. రేపొద్దున్నే సార్లకి చెప్పేయాలనుకుంది.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"నీకేమే, రాణీగారివి. నాన్న పక్కన కూర్చుంటే జీతం. ఇక్కడ మాకు నడుములు విరుగుతున్నాయి."

"ఒక్క ఏడాది నువ్వు పెట్టుకో అక్కా నాన్నని. నేను పట్నం వెళ్ళి ఏదైనా నేర్చుకుంటాను."

"పెళ్ళైనదాన్ని, నాకెలా కుదురుతుంది? అయినా ఇప్పుడు నువ్వు నేర్చుకుని ఎవర్ని ఉద్ధరించాలి? నాన్న పాత రిజిస్టర్లు చదివి చదివి నీకు మాటలెక్కువయ్యాయి."

ఆమె ఫోన్ పెట్టేసింది. మర్నాడు టేపు కొస పట్టుకుంది, నోరు విప్పలేదు. ఒక్కరోజే, అక్కకి తెలియాలి అనుకుంది. ఒక్కరోజు వారమైంది. వారం తర్వాత చెబితే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు. నెల తర్వాత చెబితే ఉద్యోగం పోతుంది. ఏడాది తర్వాత చెప్పడానికి మనిషి వేరే పుట్టుక పుట్టాలి.

అంత వెడల్పు కాలవలో అంగుళమంటే మొదట్లో ఉన్నవాళ్ళకి లెక్కలోది కాదు. చివర ఉన్నవాళ్ళకి అదే మొత్తం. మొదటి ఏడు అక్క మూడెకరాల్లో ఒకటి వదిలేసింది. రెండో ఏడు రెండు వదిలేసి గొడ్లని అమ్మేసింది. మూడో ఏడు బావ పట్నంలో మూటలు మొయ్యడానికి వెళ్ళి, వీపు పట్టేసి, వంగినవాడు వంగినట్టే తిరిగొచ్చాడు. కబురు వచ్చినప్పుడల్లా ఆమె అయ్యో అంది. ఆ అయ్యో నిజమే. ఆ అయ్యో కింద ఇంకోటి కూడా ఉండేది, చిన్నది, తీయగా. దాన్ని చూసి ఆమెకే భయమేసేది.

ఈ ఏడు నాట్లకి ముందు అక్క తనే వచ్చింది. బస్సు దిగి, గట్టు మీద నడిచి, గుమ్మంలో నీళ్ళు కూడా తాగకుండా తిన్నగా నాన్న ముందుకొచ్చి నిలబడింది. చెల్లెలు పెరట్లో నాన్న తడిబట్టలు పిండుతోంది.

"మూడూ ఆరు అని రాస్తున్నారట. నిజమేనా?"

"నిజమే" అన్నాడు నాన్న.

"మూడూ ఆరు ఇక్కడ దిగితే మా తూములోకి ఎందుకు ఎక్కదు? చెప్పు నాన్నా. కూతురి పొలం ఎండబెట్టి ఎవరి పొలం తడుపుతున్నావు?"

అక్క వంగి అరచేత్తో నాన్న నడుం మీద తడిని గట్టిగా తుడిచింది. మళ్ళీ చెమర్చింది. మళ్ళీ తుడిచింది, ఈసారి చర్మం ఎర్రబడేలా.

"అబద్ధాలకోరు ఒళ్ళు. ఊళ్ళో అందరూ అంటున్నారు, మీ నాన్న పై వాళ్ళకి అమ్ముడుపోయాడని. కాదని కొట్లాడుతున్నాను. ఇక కొట్లాడను. నువ్వా రాయితోపాటే మునిగిపోయి ఉంటే మాకు నీళ్ళన్నా దక్కేవి."

నాన్న తల తిప్పి పెరటి వైపు చూశాడు. ఆమె చేతిలోని చొక్కాని పిండుతూనే ఉంది. చుక్క కూడా కారడం మానేసిన చొక్కాని ఇంకా పిండుతూనే ఉంది. అక్క వచ్చిన దారినే పోయింది. వెళ్ళేటప్పుడు చెల్లెలితో ఒక్క మాటే అంది. "నువ్వైనా చూసుకోవే, ఆయన కొలతలు." ఆమె తలూపింది.

తర్వాత పది రోజులకి ట్రిబ్యునలు ఉత్తర్వు వచ్చింది. కింది రాష్ట్రంలో కరువు గనక పదిహేను రోజులపాటు కాలవని నిండుగా, ఐదడుగుల మట్టంలో నడపాలి. సోమవారం నుంచి. పై సారు చదివి వినిపించాడు. కింది సారు టేపు తీసి నాన్న మొహం దగ్గర పెట్టాడు.

"ఐదడుగులంటే సరిగ్గా కింది పెదవి దాకా వస్తుంది. ఊపిరాడుతుంది. అదృష్టవంతుడివి పెద్దాయనా."

"స్టూలు వేసుకుని నిలబడితే?" అంది ఆమె.

"స్టూలు వేస్తే ఏమవుతుందమ్మా, తడి ఒంటిని పట్టి ఉంటుంది గానీ నేలని పట్టి కాదు. అయినా అది ఒప్పందంలో లేదు."

వాళ్ళు వెళ్ళాక ఆమె కొలిచింది. బూట్లతో కింది పెదవికి ఐదడుగులు. బూట్లు లేకుండా ఐదడుగులంటే ముక్కు రంధ్రాలు. టేపు చుట్టేసి చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"బూట్లు గట్టిగానే ఉన్నాయా?" అన్నాడు నాన్న.

ఆమె చేతిలోంచి టేపు జారింది.

"ముప్పై ఏళ్ళు సున్నా ఎక్కడుందో చూసి గేట్లు ఎత్తినవాణ్ణి. నాకు తెలీదనుకున్నావా?"

"ఎప్పట్నుంచి?"

"మొదటి వానాకాలం నుంచి. చెబుదామనే అనుకున్నా. ఆ రోజు నీళ్ళు గడ్డం దగ్గరున్నాయి. అంగుళం అంటే ఏమిటో మెడ దాకా మునిగినవాడికి తెలుస్తుంది. బతకాలనిపించింది, అంతే. పెద్దది ఎలాగోలా నెట్టుకొస్తుందిలే అనుకున్నా. నువ్వు ఎందుకు ఊరుకున్నావో నేనడగను. నువ్వు చెప్పకు."

ఆమె బూట్లు కడిగి గోడవార ఎండలో పెట్టింది.

సోమవారం పొద్దున్న గేట్లు ఎత్తారు. తడి నాన్న నడుం దాటి, ఛాతీ దాటి, గంటన్నరకి పెదవి కింద ఆగింది. "ఐదు" అన్నాడు పై సారు. "ఐదే" అన్నాడు కింది సారు. నాలుగేళ్ళలో మొదటిసారి గొడవ లేకుండా సంతకాలు పెట్టారు. నాన్న ఆ రోజంతా మాట్లాడలేదు. మాట్లాడితే లోపల్నుంచి గుడగుడమని నీళ్ళ చప్పుడొచ్చేది. జావ తాగించబోతే పెదవి దగ్గర తడితో కలిసి బయటికే కారిపోయింది.

బుధవారం సాయంత్రం అక్క ఫోన్. కోపం కూడా లేదు గొంతులో.

"నీళ్ళు తూము దాకా వచ్చాయే. తూము గడప కింద నిలబడ్డాయి. ఎక్కడం లేదు. బావ కొలిచాడు. అంగుళం. బొటనవేలంత కూడా లేదు. పొద్దుట్నుంచీ ఇద్దరం దోసిళ్ళతో ఎత్తి పోశాం. మూడెకరాలకి దోసిళ్ళతో ఏం పోస్తాం? నారు ఎల్లుండికి పోతుంది. ఇది పోతే ఇంక పొలం కూడా ఉండదు, అమ్మి ఆయన వీపు చూపించుకుంటాం. నీతో ఎందుకు చెబుతున్నానో కూడా తెలీదు."

ఫోన్ స్పీకరులో ఉంది. నాన్న కుర్చీలో కూర్చుని పెదవి దాకా తడిసి వింటున్నాడు. అక్క పెట్టేశాక చాలాసేపు చేతివేళ్ళు చూసుకున్నాడు, ఏదో అంచనా వేస్తున్నట్టు.

గురువారం పొద్దున్న ఆమె రిజిస్టరు తీసుకుని వరండాలోకి వచ్చేసరికి నాన్న అప్పటికే గోడకి ఆని నిలబడి ఉన్నాడు. సార్లిద్దరూ టేపులు విప్పుతున్నారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. నాన్న పాదాలు బోసిగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి బూట్లలో నాని ముడతలు పడ్డ తెల్లటి పాదాలు, పక్కపక్కనే, శుభ్రంగా.

ఆమె తలెత్తి చూసింది. పెదవి దాకా తడి, ఆ పైన కళ్ళు. ఆ కళ్ళు ఆమెని చూడటం లేదు, ఎదురుగా కాలవని చూస్తున్నాయి.

"పట్టుకున్నావా అమ్మాయ్?"

"ఆ."

పట్టుకుంది. కానీ సున్నా దగ్గర కాదు. టేపు చివర అంగుళం మడిచి పిడికిట్లో దాచి, ఒకటో అంకెని నేలకి ఆనించింది. ఆలోచించి చేసిన పని కాదు, చెయ్యే చేసింది.

"ఐదు" అన్నాడు పై సారు.

అప్పుడు నాన్న కుడికాలు కదిలింది. మెల్లగా వచ్చి ఆమె పిడికిలి మీద ఆగింది. బరువు వెయ్యలేదు. చంటిపిల్ల గుప్పిట్లో ఏదో ఉంటే పెద్దవాళ్ళు ఒక్కో వేలూ విప్పి తీసినట్టు, బొటనవేలితో ఆమె వేళ్ళ సందుల్లో నొక్కుతూ పోయాడు. చల్లగా, ఓపిగ్గా. ఆమె పళ్ళు బిగించి పట్టుకుంది. ఆయన నొక్కుతూనే ఉన్నాడు. చిటికెన వేలు ముందు వదిలింది. తర్వాత మిగతావి.

"ఏంటమ్మా, టేపు జారినట్టుంది. మళ్ళీ పట్టు."

మళ్ళీ పట్టింది. సున్నా దగ్గర.

"నాలుగూ పదకొండు" అన్నాడు కింది సారు, పండగొచ్చిన మొహంతో. "చూశారా సార్? రాత్రికి రాత్రి అంగుళం దించేశారు మీవాళ్ళు. ఉత్తర్వు ధిక్కారం."

"ఎవరూ దించలేదు. ఆకులేవో అడ్డుపడి ఉంటాయి." పై సారు చిరాగ్గా గేటు దగ్గరికి ఫోన్ చేశాడు. "కాస్త ఎత్తండయ్యా. ఐదు వచ్చేదాకా ఎత్తండి."

నీళ్ళు రావడానికి గంట పట్టింది. ఆ గంటా ఇద్దరూ వరండాలో కుర్చీలు వేసుకుని బదిలీల గురించి మాట్లాడుకున్నారు. ఆమె నాన్న పాదాల దగ్గరే కూర్చుంది. నోరు తెరిచి ఒక్క మాటంటే చాలు, బూట్లు తెచ్చి తొడగొచ్చు. ఆ ఒక్క మాటా అంటే అక్కడ నారు పోతుంది. అనకపోతే ఇక్కడ నాన్న పోతాడు. మూడేళ్ళు తన కోసం మూసుకున్న నోటిని ఈ గంట నాన్న కోసం తెరవాలో, అక్క కోసం మూసే ఉంచాలో ఆమెకి తెలియలేదు. తడి కింది పెదవి దాటింది. పై పెదవి దాటింది. నాన్న ముక్కుతో పెద్దగా ఊపిరి పీల్చి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఆయన తల కాస్త నిటారుగా పెట్టు. మీసంలో అంచు కనబడటం లేదు" అన్నాడు కింది సారు లేచి వస్తూ.

ఆమె లేవలేదు. కింది సారే రెండు వేళ్ళతో గడ్డం ఎత్తి పట్టుకున్నాడు.

"ఐదు."

"ఐదు. రాసుకోండి."

పెన్ను చప్పుడు వినబడుతుండగా నాన్న పాదం ఆమె చేతి మీద ఒకసారి బిగుసుకుంది. తర్వాత ఒట్టి పాదమైంది.

పై సారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మట్టం?" అన్నాడు కింది సారు, గొంతు తగ్గించి.

"అలాగే ఉంది. కదల్లేదు."

"ఒప్పందంలో మనిషి అని ఉంది గానీ బతికున్న మనిషి అని ఎక్కడా లేదు కదా."

"లేదు. చదివాను."

తువ్వాలు తెచ్చి నాన్న నడుముని కిటికీ ఊచకి కట్టారు, జారిపోకుండా. కింది సారు ఆమె పక్కన కూర్చుని, నిజంగానే జాలిపడుతూ చెప్పాడు.

"ఇంకా పదకొండు రోజులుందమ్మా. ఎవరికీ ఫోన్ చెయ్యకు. గేజి పోయిందని తెలిస్తే మధ్యాహ్నానికల్లా గేట్లు దించేస్తారు. మీ అక్క పొలం మావైపే కదా. ఆలోచించుకో."

"పైనుంచి చెబితే నేను దించాల్సిందే" అన్నాడు పై సారు. "అందుకే నాకెవరూ ఏం చెప్పలేదు. నేనేం చూడలేదు."

శుక్రవారం మధ్యాహ్నం అక్క గొంతు ఫోన్లో సందేశంగా వచ్చింది. మాట వెనకాల నీళ్ళ చప్పుడు. "ఎక్కాయే. గడప దాటాయి. బావ వంగిన వీపుతోనే బురదలో ఎగురుతున్నాడు, చూస్తే నవ్వొస్తోంది. మూడు రోజులు ఆగకుండా వస్తే చాలు, మూడెకరాలూ తడుస్తాయి. ఏమే, నాన్నని నానా మాటలన్నాను. మనసులో పెట్టుకోవద్దని చెప్పు. ఒకసారి ఫోన్ ఆయనకియ్యి."

ఆమె తిరిగి చెయ్యలేదు. అక్క చేసినప్పుడల్లా మోగనిచ్చింది. శనివారం, ఆదివారం, సోమవారం పొద్దున్నలు తువ్వాలుతో కట్టి ఉన్న నాన్న కాళ్ళ దగ్గర టేపు పట్టుకుంది. ఐదు. ఐదు. ఐదు. నేల కూడా తుడిచింది, ఎందుకంటే నీళ్ళు ఎప్పటిలాగే కారుతున్నాయి.

సోమవారం పదింటికి ఇంకో సందేశం. "మడి నిండిందే. ఇక రేపు కట్టేసినా మాకు ఫరవాలేదు. ఎందుకెత్తవు ఫోను? నాన్న మాట్లాడనన్నాడా?"

ఆమె లేచి తువ్వాలు ముడి విప్పింది. వరండాలో కూర్చున్న కింది సారు సగం లేచాడు.

"అమ్మాయ్, ఇంకా వారం ఉంది."

"పడుకోబెడుతున్నాను సార్. పడుకున్నా మట్టం అంతే. వంగి కొలుచుకోండి. కింది కొస ఎవరన్నా పట్టుకుంటారేమో చూసుకోండి."

నాన్నని చాప మీద పడుకోబెట్టి, ముక్కుకి పైనే పొడిగా ఉంటే నుదుటిని చేత్తో నిమిరింది. తర్వాత ఫోన్ తీసుకుని వంటగదిలోకి, అంటే అక్క రాష్ట్రంలోకి, వెళ్ళి తలుపేసుకుంది.

నాన్న సంగతి ముందు చెబితే అక్క ఏడుస్తుంది. ఆ ఏడుపులో మిగతాదంతా కొట్టుకుపోతుంది. అంగుళం గురించి తర్వాత చెప్పినా, పోనీలేవే అంటుంది, ఏడుస్తూనే ఒళ్ళోకి తీసుకుంటుంది. అలా తప్పించుకోవచ్చు. తేలిక. ఎవరూ తప్పుపట్టరు.

లేదు. ముందు అంగుళం గురించే చెప్పాలి. ఎప్పుడు తెలిసింది, ఏ ఫోన్ తర్వాత నోరు మూసుకుంది, బావ వీపు గురించి విన్న రోజు లోపల ఏమనిపించింది, అదంతా. అక్క తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, ఇంక నీకూ నాకూ ఏం లేదని పెట్టేయబోయేటప్పుడు, అప్పుడు నాన్న గురించి.

అక్క నంబరు నొక్కింది.